ఆబోతుల పోట్లాటలో లేగదూడలు

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, ఎర్రగుడి దగ్గర, ఒక రాతి గుట్ట ఉంది. ఆ గుట్ట బండల మీద అశోకుడి శాసనాలు చెక్కి ఉన్నాయి. కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలం మా బావతో కలిసి అక్కడికి వెళ్ళాను. బ్రాహ్మీ లిపి చదవడం నాకు రాదు. కానీ అక్కడ ఏముందో తెలిసే వెళ్ళాను. అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్న చోటు అది. పదమూడోది కళింగ యుద్ధం తర్వాతి పశ్చాత్తాపం. అందులో అశోకుడు తన ధర్మం ఎంత దూరం పోయిందో చెబుతూ ఐదుగురు రాజుల పేర్లు తీస్తాడు: అంతియోక, తురమాయ, అంతికిని, మకా, అలికసుదర. అంటే సిరియా, బాబిలోన్ ప్రాంతాలను ఏలిన రెండో ఆంటియోకస్, ఈజిప్టు రాజు రెండో టోలెమీ, మాసిడోనియా రాజు ఆంటిగోనస్ గొనటాస్, లిబియా తీరంలోని సైరీన్ రాజు మగాస్. ఐదో అలెగ్జాండర్ ఎపిరస్ రాజా, కొరింథ్‌ను ఏలినవాడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

రాయలసీమ బండ మీద గ్రీకు రాజుల సంగతి ఉందంటే ఒళ్ళు జలదరించింది. కొంతసేపటికి ఇంకో ఆలోచన వచ్చింది. ఈ జాబితాలో రాజులే ఉన్నారు. ఏథెన్స్ లేదు, స్పార్టా లేదు, రోడ్స్ లేదు, మిలేటస్ లేదు. పాటలీపుత్రం నుంచి చూస్తే గ్రీకు లోకం అంటే ఐదుగురు రాజులు, అంతే.

డిగ్రీలో మాకు చరిత్ర చెప్పిన సారు కూడా దాదాపు అలాగే చెప్పారు. క్రీ.పూ. 338లో కైరోనియా యుద్ధంలో మాసిడోనియా రాజు ఫిలిప్ గెలిచాడు, గ్రీకు నగర రాజ్యాలు అంతటితో అయిపోయాయి, తర్వాత అలెగ్జాండర్, ఆ తర్వాత రోమ్, రాసుకోండి. మేం రాసుకున్నాం. పరీక్షలో మార్కులూ పడ్డాయి. కానీ 338కీ, రోమన్లు కొరింథ్‌ను నేలమట్టం చేసిన 146కీ మధ్య 192 ఏళ్ళు ఉన్నాయి. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చి ఇంకా నూరేళ్ళు కాలేదు. 192 ఏళ్ళ పాటు వందల ఊళ్ళలో సభలు జరిగాయి, ఓట్లు పడ్డాయి, తీర్మానాలు రాతి మీదకెక్కాయి, రాయబారులు సముద్రాలు దాటారు. దాన్నంతా ఒక్క వాక్యంలో పూడ్చిపెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ అన్యాయం మీద.

మా అవ్వ ఒక సామెత చెప్పేది: ఆబోతులు పోట్లాడుకుంటే మధ్యలో లేగదూడల కాళ్ళు విరుగుతాయని. మాది ఫ్యాక్షన్ ప్రాంతం. ఇద్దరు పెద్దల మధ్య నలిగిన ఊరు. ఆ సామెత ఎంత నిజమో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ అదే ఊళ్ళో ఇంకో సంగతి కూడా చూశాను. ఒక పెద్దాయన చెరువు నీళ్ళు ముందు మా ఊరికే వదులుతామని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆయన రాసింది మా మీద ప్రేమతో కాదు, అవతలి పెద్దాయన మమ్మల్ని లాక్కుపోతాడన్న భయంతో. మా ఊరి పెద్దమనుషులు ఆ కాగితాన్ని ట్రంకు పెట్టెలో దాచి, పదిహేనేళ్ళ పాటు అవసరమైన ప్రతిసారీ తీసి చూపించారు. చాలాసార్లు పని జరిగింది. ఆబోతు ఒక్కటే ఉంటే ఆ కాగితం పుట్టేదే కాదు. గ్రీకు నగరాల కథ చదివినప్పుడు నాకు ఆ ట్రంకు పెట్టే గుర్తొచ్చింది.

ముందు జరిగిన దెబ్బను దాచకుండా చెప్పుకోవాలి. కైరోనియా ఓటమి చిన్నది కాదు. మూడేళ్ళకు, 335లో, తిరగబడిన థీబ్స్ నగరాన్ని అలెగ్జాండర్ నేలమట్టం చేసి జనాన్ని బానిసలుగా అమ్మించాడు. 323లో అతను బాబిలోన్‌లో చనిపోయాడన్న కబురు రాగానే ఏథెన్స్ మళ్ళీ లేచింది. మరుసటి ఏడాదికే సముద్రం మీదా నేల మీదా ఓడిపోయింది. మాసిడోనియా సేనాని ఆంటిపాటర్ రేవు పక్క గుట్ట మీద సైన్యాన్ని దించాడు. 2,000 డ్రాక్మాల (గ్రీకు వెండి నాణేలు) ఆస్తి లేనివాళ్ళకు ఓటు లేదన్నాడు. 12,000 మందికి పైగా పౌరులు ఓటు పోగొట్టుకున్నారని తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. వెంటాడి వచ్చిన సైనికులకు చిక్కకుండా ఏథెన్స్ మహావక్త డెమోస్తనీస్ కలౌరియా ద్వీపంలోని గుడిలో విషం తీసుకున్నాడు. మా సారు చెప్పిన కథ ఇక్కడ ఆగి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి.

కానీ ఇక్కడి నుంచే ఆబోతుల పోట్లాట మొదలైంది. అలెగ్జాండర్ సామ్రాజ్యం కోసం అతని సేనానులు నలభై ఏళ్ళు కొట్టుకున్నారు. ఆ సేనానుల్లో అందరికంటే బలమైనవాడు ఒంటికన్ను ఆంటిగోనస్. క్రీ.పూ. 315లో టైర్ నగరం బయట తన సైన్యాన్ని సమావేశపరిచి ఒక ప్రకటన చేయించాడు: గ్రీకు నగరాలన్నీ స్వేచ్ఛగా ఉండాలి, వాటిలో బయటి సైన్యాలు ఉండకూడదు, తమ చట్టాలతో తామే బతకాలి. గ్రీసులో తన శత్రువు కసాండర్ సైన్యాలు ఉన్నాయి కాబట్టి ఆ మాట అన్నాడు, అందులో రహస్యమేమీ లేదు. ఆ కబురు ఈజిప్టుకు చేరిందో లేదో, అక్కడ ఏలుతున్న సేనాని మొదటి టోలెమీ కూడా అలాంటి ప్రకటనే చేశాడు. గ్రీకుల స్వేచ్ఛ మీద తన పోటీదారుకు ఎక్కువ పట్టింపు ఉందని గ్రీకులు అనుకుంటే తనకు నష్టం కదా. అప్పటి నుంచి 'ఎలెఫ్తేరియా', అంటే స్వేచ్ఛ, రాజులు ఒకరి మీద ఒకరు విసురుకునే ఆయుధమైంది.

చాలామంది చరిత్రకారులు ఇక్కడే పెదవి విరుస్తారు. అది ఒట్టి మాట, ప్రచారం, రాజులు ఎవరూ నమ్మలేదు అంటారు. నేను ఒప్పుకోను. రాజు నమ్మాడా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఆ మాట ఎవరి చేతికి వెళ్ళింది, వాళ్ళు దానితో ఏం చేశారు అన్నది చూడాలి.

ఇప్పటి టర్కీ వాయవ్య మూలలో, ట్రాయ్‌కి దగ్గరలో, స్కెప్సిస్ అని చిన్న కొండ ఊరు ఉండేది. 311లో సేనానులు సంధి చేసుకున్నప్పుడు ఆంటిగోనస్ ఆ ఊరికి పొడుగాటి ఉత్తరం రాశాడు. గ్రీకుల స్వేచ్ఛ కోసమే తాను ఎన్నో విషయాల్లో తగ్గానని, ఆ స్వేచ్ఛను కాపాడుకోవడానికి మీరంతా ప్రమాణం చేయాలని అందులో ఉంది. స్కెప్సిస్ ఆ ఉత్తరాన్ని రాతి మీద చెక్కించింది. ఆంటిగోనస్‌కు స్థలం కేటాయించి, బలిపీఠం కట్టి, విగ్రహం పెట్టాలని తీర్మానించింది. కొన్నేళ్ళకు అదే ఆంటిగోనస్ తీరంలో తన పేరుతో కొత్త నగరం కట్టి, చుట్టుపక్కల చిన్న ఊళ్ళను అందులో కలిపేశాడు. వాటిలో స్కెప్సిస్ కూడా ఉంది. పూజలందుకున్న చేత్తోనే ఊరిని ఎత్తేశాడు.

మా సారు వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు, ఇక్కడితో ఆపితే. 301లో ఇప్సస్ యుద్ధంలో ఆంటిగోనస్ ఎనభై ఏళ్ళ వయసు దాటి చనిపోయాడు. ఆ ప్రాంతం అతని శత్రువు లైసిమాకస్ చేతికొచ్చింది. స్కెప్సిస్ వాళ్ళను తమ ఊరికి తాము తిరిగి వెళ్ళిపొమ్మని అతను అనుమతించాడు. వాళ్ళు కొండెక్కారు. ఊరు మళ్ళీ బతికింది. ఒక రాజు తీసింది ఇంకో రాజు ఇచ్చాడు. ఇచ్చినవాడు మంచివాడని కాదు. పాత రాజు ఏర్పాటును రద్దు చేస్తే కొత్త రాజుకు విశ్వాసపాత్రులు దొరుకుతారు. ఆ అవసరం సందులోంచి ఒక ఊరు తన ఇంటికి తాను చేరింది.

ఏథెన్స్ సంగతి ఇంకా బాధగా ఉంటుంది, దాని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

307లో ఆంటిగోనస్ కొడుకు డెమెట్రియస్ 250 ఓడలతో ఏథెన్స్ రేవులో దిగాడు. పదేళ్ళుగా కసాండర్ తరఫున నగరాన్ని నడిపిన మనిషిని పంపేసి, ప్రజాస్వామ్యం మీకు తిరిగి ఇస్తున్నానన్నాడు. ధాన్యం, వంద యుద్ధనౌకలకు కలప ఇస్తామన్నాడు. ఏథెన్స్ ఆనందం హద్దు దాటింది. తండ్రీకొడుకులను రక్షక దేవతలన్నారు. తాతల నాటి పది తెగలకు వాళ్ళ పేర్లతో రెండు కొత్త తెగలు కలిపారు. నగర మండలి సభ్యుల సంఖ్య 500 నుంచి 600 అయింది. డెమెట్రియస్ పార్థెనాన్ వెనక గదుల్లో కాపురం పెట్టాడు, కన్యాదేవత గుడిలో. తర్వాత, 290 ప్రాంతంలో, అతనికి ఒక స్తోత్రం పాడారు. మిగతా దేవుళ్ళు దూరంగా ఉన్నారో, వాళ్ళకు చెవులు లేవో, నిన్ను మాత్రం కళ్ళెదుట చూస్తున్నాం, నువ్వు చెక్కవీ రాతివీ కావు అని దాని సారాంశం. పెరిక్లీస్ ఊరు ఇలా పాడిందా అని మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను.

కానీ ఆ స్తోత్రం ఏ పరిస్థితిలో పాడారో చూడండి. ఇప్సస్ ఓటమి తర్వాత డెమెట్రియస్‌ను ఏథెన్స్ లోపలికి రానివ్వలేదు. అతను కక్ష పెట్టుకుని తిరిగొచ్చి ముట్టడి వేశాడు. ప్లూటార్క్ ఒక దృశ్యం చెబుతాడు: తండ్రీ కొడుకూ గదిలో నిరాశగా కూర్చుని ఉంటే పైకప్పు నుంచి చచ్చిన ఎలుక కింద పడింది, ఇద్దరూ దాని కోసం కొట్టుకున్నారు. తత్వవేత్త ఎపిక్యురస్ తన శిష్యులకు చిక్కుడు గింజలు లెక్కపెట్టి పంచి బతికించాడట. ఆ ఆకలి తర్వాత నగరం లొంగింది. నగరం లోపలి మ్యూసియం అనే గుట్ట మీద కూడా సైన్యం కూర్చుంది. అలా లొంగిన జనం పాడిన పాట అది. కడుపు నిండిన నేను దాన్ని చూసి సిగ్గుపడటం సులువు.

ఆ పాట పాడిన మూడు నాలుగేళ్ళకే, 287 ప్రాంతంలో, అదే జనం మ్యూసియం గుట్ట ఎక్కి ఆ సైన్యాన్ని తరిమారు. 1971లో ఏథెన్స్ అగోరా, అంటే పాత సంత మైదానం, తవ్వకాల్లో ఒక రాయి దొరికింది. కాలియాస్ అనే పౌరుణ్ణి గౌరవిస్తూ నగరం చేసిన తీర్మానం అది. కాలియాస్ టోలెమీ కొలువులో సేనాని. తిరుగుబాటు వార్త రాగానే ఆండ్రోస్ ద్వీపం నుంచి వెయ్యి మంది సైనికులతో వచ్చి, పొలాల్లో పంట కోత జరిగేదాకా కాపలా కాశాడు. ఆ సైనికుల జీతం టోలెమీది. ఆ పోరాటంలో అతను గాయపడ్డాడు కూడా. తర్వాత ఈజిప్టు రాజు దగ్గరకు రాయబారం నడిపి, వెండీ గోధుమలూ సాయంగా తెచ్చాడు. ఆ రాయి చదివినప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, ఏథెన్స్ తన కాళ్ళ మీద తానే లేచింది, లేవడానికి పట్టుకున్న కర్ర మాత్రం ఇంకో రాజుది. రేవు మాత్రం చేతికి రాలేదు. అక్కడి మాసిడోనియా సైన్యం 229 దాకా ఉంది. 260ల్లో మళ్ళీ యుద్ధం చేసి ఏథెన్స్ మళ్ళీ ఓడింది. చివరికి 229లో మాసిడోనియా రాజు చనిపోయిన సందు చూసుకుని, సైన్యాధిపతి డయోజెనీస్‌కు 150 టాలెంట్లు ఇచ్చి పంపించేసింది. ఒక టాలెంటు అంటే సుమారు 26 కిలోల వెండి. స్వేచ్ఛను వెండి తూచి కొనుక్కుంది. ఇందులో వీరత్వం తక్కువ, తొంభై ఏళ్ళు వదలని పట్టుదల ఎక్కువ. నాకు ఆ పట్టుదలే పెద్దగా కనిపిస్తుంది.

రోడ్స్ ఇంకో దారి పట్టింది. 305లో ఇదే డెమెట్రియస్ తొమ్మిదంతస్తుల చక్రాల బురుజుతో ఆ నగరాన్ని ఏడాది పాటు ముట్టడించాడు. రోడ్స్ లొంగలేదు. టోలెమీ, కసాండర్, లైసిమాకస్ ధాన్యం పంపించారు. చివరి ఒప్పందంలో రోడ్స్ ఆంటిగోనస్‌కు మిత్రుడవుతానని, టోలెమీ మీద యుద్ధానికి మాత్రం రానని రాయించుకుంది. అతను వదిలిపోయిన యంత్రాలను అమ్మి సూర్యదేవుడి మహా విగ్రహం కట్టింది. 220ల్లో భూకంపం వచ్చి ఆ విగ్రహం కూలినప్పుడు సిరక్యూస్ నుంచి ఈజిప్టు దాకా రాజులందరూ పోటీలు పడి సాయం పంపారు. ఒక్క మూడో టోలెమీయే 300 టాలెంట్ల వెండి ఇస్తానన్నాడు. ఏ ఒక్కరి చేతిలోనూ పడని రేవు అందరికీ కావాలి.

యుద్ధాలు పక్కన పెడితే, ఈ కాలపు రాజకీయం నిజంగా నడిచింది ఉత్తరాల్లో. నన్ను ఈ చరిత్రలోకి లాగింది కూడా అవే. రాజు నేరుగా ఆజ్ఞ ఇచ్చినట్టు కనిపించకూడదు. "సభకూ ప్రజలకూ" అని సంబోధించి, నమస్కారం చెప్పి, మీ రాయబారులు మాతో ఇలా అన్నారు, ఇలా చేస్తే బాగుంటుందని మాకు అనిపిస్తోంది అని రాయాలి. నగరం సభ పెట్టి, ఓటు వేసి, రాజు కోరిన పనిని తన సొంత తీర్మానంగా చేస్తుంది. లోపల ఏం జరుగుతోందో ఇద్దరికీ తెలుసు. కానీ ఆ మర్యాద ఊరికే కాదు. సభ పెట్టాలంటే సభ ఉండాలి. తీర్మానం చేయాలంటే చదివేవాడూ వ్యతిరేకించేవాడూ ఉండాలి.

లారిస్సా ఉదాహరణ చూడండి. థెస్సలీలోని ఈ నగరం మాసిడోనియా రాజు పూర్తి అదుపులో ఉండేది. యుద్ధాల వల్ల జనం తగ్గి పొలాలు బీడు పడుతున్నాయని, ఊళ్ళో ఉంటున్న బయటి గ్రీకులకు పౌరసత్వం ఇవ్వమని 217లో ఐదో ఫిలిప్ రాశాడు. సభ తీర్మానించింది, పేర్లు రాతి మీద చెక్కింది. తర్వాత మనసు మార్చుకుని ఆ పేర్లను రాతి మీద నుంచి చెరిపేసింది. 215లో రాజు మళ్ళీ రాయాల్సి వచ్చింది. రోమన్లను చూడండి, వాళ్ళు విడుదలైన బానిసలను కూడా పౌరులుగా చేసుకుంటారు, అందుకే దాదాపు డెబ్బై చోట్లకు వలస ఊళ్ళు పంపగలిగారు అని నచ్చజెప్పాడు. ఆ విషయంలో రాజుదే విశాలమైన మనసు, నగరానిది ఇరుకు మనసు, అది నేను ఒప్పుకుంటాను. కానీ ఓ అదుపులో ఉన్న ఊరు రాజు మాటను చెరిపేయగలిగింది. రాజు సైన్యం పంపకుండా రెండో ఉత్తరం రాశాడు. చచ్చిన నగరాలు ఇలా చేయవు.

ఇయాసస్ అనే తీరపు ఊరిది ఇంకో ఉత్తరం. క్రీ.పూ. 196 ప్రాంతంలో మూడో ఆంటియోకస్ భార్య లవోడికె రాణి రాసింది. పదేళ్ళ పాటు ఏటా వెయ్యి మెదిమ్నస్‌ల గోధుమ, అంటే సుమారు 40 టన్నులు, పంపిస్తానని, దాన్ని అమ్మి పేద పౌరుల కూతుళ్ళ పెళ్ళిళ్ళకు కట్నాలు ఇవ్వమని, ఒక్కొక్కరికి 300 డ్రాక్మాలు దాటకూడదని రాసింది. ఆడపిల్ల పెళ్ళికి లక్ష రూపాయల సాయం ఎంత ఓటు బలం తెస్తుందో తెలంగాణలో ఎవరికీ చెప్పక్కర్లేదు. రాణికీ అది తెలుసు. అయితే ఆ గోధుమను అమ్మడం, డబ్బు పంచడం అంతా ఊరి అధికారుల చేతిలోనే పెట్టింది. ఇదే మూడో ఆంటియోకస్ నగరాలకు ఒక మాట రాశాడని ప్లూటార్క్ చెబుతాడు: చట్టానికి విరుద్ధంగా నేనేమైనా రాస్తే, తెలియక రాశానని అనుకుని లెక్కచేయకండి అని. అతను ఆ మాట మీద ఎప్పుడూ నిలబడ్డాడని నేను అనను. కానీ ఆ మాట రాజు నోట పలికించిన ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో చూడమంటాను.

నగరాలు తమలో తాము కూడా ఒక లోకం కట్టుకున్నాయి. మెయాండర్ నది పక్కన మెగ్నీషియా అనే నగరం 208లో తమ ఆర్టెమిస్ దేవి ఉత్సవాన్ని గుర్తించమని, తమ నేలను ఎవరూ దోచుకోకూడని పవిత్ర స్థలంగా ఒప్పుకోమని నలుమూలలకూ రాయబారులను పంపింది. వచ్చిన జవాబులను అగోరాలో గోడల మీద చెక్కించింది. అరవైకి పైగా ఉన్నాయి. రాజుల ఉత్తరాల పక్కనే చిన్న ఊళ్ళ తీర్మానాలు. వాటిలో ఒకటి పర్షియన్ గల్ఫ్ వైపున్న ఆంటియోక్ అనే వలస ఊరిది: మా ఊరికి మనుషులు తక్కువైనప్పుడు మీరు మీ వాళ్ళను పంపారు, అది మేం మర్చిపోలేదు అని. ఏ రాజ్యపటంలోనూ ఈ బంధుత్వం కనిపించదు. రాజులు గీసిన హద్దులను దాటుకుని ఇది నడిచింది.

ఈ కాలం కనిపెట్టిన గొప్ప రాజకీయ వస్తువు నగరాల సమాఖ్య. దక్షిణ గ్రీసులోని అకీయా సమాఖ్య 280 ప్రాంతంలో నాలుగు చిన్న ఊళ్ళతో మళ్ళీ మొదలైంది. ప్రతి ఊరికీ తన సభ, తన చట్టం. అందరికీ కలిపి ఒక సేనాధిపతి, వరసగా రెండేళ్ళు ఆ పదవిలో ఉండకూడదు. 251లో ఇరవై ఏళ్ళ అరాటస్ రాత్రి నిచ్చెనలు వేసి తన సొంత ఊరు సిసియాన్ గోడలెక్కి, నియంతను తరిమి, ఊరిని ఆ సమాఖ్యలో కలిపాడు. రక్తం చుక్క పడలేదు. అసలు చిక్కు మర్నాడు మొదలైంది. దాదాపు 600 మంది ప్రవాసులు తిరిగొచ్చి మా ఇళ్ళు, మా పొలాలు అన్నారు. వాటిలో వేరేవాళ్ళు యాభై ఏళ్ళుగా ఉన్నారు. అరాటస్ ఓడెక్కి ఈజిప్టు వెళ్ళి రెండో టోలెమీ దగ్గర 150 టాలెంట్లు తెచ్చి, ఒక్కొక్క తగువూ కూర్చోబెట్టి తీర్చాడు. ఎర్రగుడి శాసనపు తురమాయ ఈయనే. 243లో అరాటస్ 400 మందితో రాత్రి వేళ కొరింథ్ కొండకోటను పట్టుకుని ఆంటిగోనస్ గొనటాస్ సైన్యాన్ని తరిమాడు. శాసనంలోని అంతికిని ఈయన.

ఆ అరాటసే ఆ కోటను తిరిగి మాసిడోనియాకు అప్పగించాడు. ఇది నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే కడుపు రగిలే ఘట్టం. 227లో స్పార్టా రాజు క్లియోమెనీస్ అప్పులు రద్దు చేసి భూములు పంచాడు. అకీయా ఊళ్ళలోని పేదలు మాకూ అలాగే కావాలని అతని వైపు చూశారు. ఊళ్ళు ఒక్కొక్కటీ జారిపోతున్నాయి. అరాటస్ ముందు రెండు దారులున్నాయి: తన పేదలకు ఏదో ఒకటి ఇవ్వడం, లేదా బయటి రాజును పిలవడం. రాజును పిలిచాడు. 222లో సెలాసియా దగ్గర క్లియోమెనీస్ ఓడిపోయాడు, కొరింథ్ కోట మీద మళ్ళీ మాసిడోనియా సైన్యం కూర్చుంది. గ్రీకు చరిత్రకారుడు పొలిబియస్ ఈ నిర్ణయాన్ని సమర్థిస్తాడు, అతను కూడా ఆ సమాఖ్య పెద్దింటి బిడ్డే. నేను సమర్థించలేను. పోటీపడే రాజుల మధ్య ఒడుపుగా నడవడం వేరు, సొంత ఊరి పేదవాడి భయంతో రాజును ఇంట్లోకి తెచ్చుకోవడం వేరు. 213లో అరాటస్ జబ్బుపడి రక్తం కక్కుతూ, ఫిలిప్‌తో స్నేహానికి ఇదీ ప్రతిఫలం అని పక్కనున్నవాడితో అన్నాడట. ఐదో ఫిలిప్ విషం పెట్టించాడని పొలిబియసే రాశాడు.

నా వాదానికి అసలైన అడ్డు ఇక్కడే ఉంది, దాన్ని తప్పించుకోను. ఎవరి స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నాం? ఆ సభల్లో ఆడవాళ్ళు లేరు, బానిసలు లేరు. నగరం గోడల బయట రాజు భూముల్లో పనిచేసిన స్థానిక రైతులు లేరు. మిలేటస్ వాళ్ళు ఒక నియంత నుంచి విడిపించాడని రెండో ఆంటియోకస్‌ను 'తెయోస్', అంటే దేవుడు అని పిలిచారు. అదే ఆంటియోకస్, మన ఎర్రగుడి అంతియోక, తన మాజీ రాణి లవోడికెకు క్రీ.పూ. 254 ప్రాంతంలో ఒక ఊరిని 30 టాలెంట్లకు అమ్మాడు. ఇయాసస్‌కు ఉత్తరం రాసిన లవోడికె కాదు ఈమె, అంతకు రెండు తరాల ముందు రాణి. భూమితో పాటు దాని మీద బతికే మనుషులు, వాళ్ళ ఇళ్ళు, వాళ్ళ వస్తువులు అన్నీ ఆ అమ్మకంలో ఉన్నాయి. ఆ పత్రాన్ని కూడా రాతి మీదే చెక్కారు. అదే లిపి, అదే శ్రద్ధ. ఆ రైతుల పేర్లు లేవు. వాళ్ళకు సభ లేదు, రాయబారి లేడు, ట్రంకు పెట్టె లేదు. నగరాల మీద నాకున్న ప్రేమ ఈ రాయి దగ్గర తల దించుకుంటుంది.

అయినా ఆ రాయి నా వాదాన్ని కొట్టేయదనే అనుకుంటాను. సభ ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఎంత ఉందో అది చూపిస్తుంది. ఆ తేడా ఒట్టి మాట అయితే నగరాలు దాని కోసం అంత చావవు.

మరి ఇది ఎలా ముగిసింది? 217లో నౌపాక్టస్‌లో శాంతి చర్చలు జరుగుతుంటే అగెలావస్ అనే గ్రీకు నాయకుడు పడమట మేఘాలు కమ్ముతున్నాయని హెచ్చరించాడు. రోమ్, కార్తేజ్‌లలో ఎవరు గెలిచినా ఇటలీతో ఆగరు, ఆ మేఘం ఇటు వస్తే మన తగువులూ మన సంధులూ మన చేతిలో ఉండవు అన్నాడు. ఇరవై ఏళ్ళకు రోమన్ సేనాని ఫ్లామినినస్ ఫిలిప్‌ను ఓడించాడు. 196లో కొరింథ్ దగ్గర ఇస్త్మియా ఆటల్లో, బాకా ఊదించి, ఫలానా ఫలానా గ్రీకులు స్వేచ్ఛగా, సైన్యం లేకుండా, కప్పం లేకుండా, తమ చట్టాలతో ఉంటారు అని చాటించాడు. జనం నమ్మలేక మళ్ళీ చదవమన్నారు. ఆ కేకలకు పైన ఎగురుతున్న కాకులు మైదానంలో పడిపోయాయని ప్లూటార్క్ రాశాడు. మాటలన్నీ టైర్ ప్రకటనలోని మాటలే. 119 ఏళ్ళ పాత మాటలు.

ఆ రోజుల్లోనే స్మిర్నా, లాంప్సకస్ నగరాలు మూడో ఆంటియోకస్‌ను ఎదిరించి నిలబడ్డాయి. మీకు స్వేచ్ఛ వస్తుంది, కానీ అది రాజు ఇచ్చినట్టు ఉండాలి, మీరు సందు చూసి లాక్కున్నట్టు కాదు అని అతను కబురు పంపాడు. మా స్వేచ్ఛను వాయిదా వేసి ఆశ పెట్టుకోమంటే మేం ఓర్చుకోకపోవడంలో ఆశ్చర్యం ఏముంది అని వాళ్ళు జవాబిచ్చారని రోమన్ చరిత్రకారుడు లివీ చెబుతాడు. లాంప్సకస్ రాయబారులు రోమ్ దాకా వెళ్ళారు. వాళ్ళ ఒడుపు ఎప్పటిదే: ఒక పెద్దవాడి మీదకు ఇంకో పెద్దవాణ్ణి తేవడం. నూట ఇరవై ఏళ్ళు పనిచేసిన ఒడుపు అది. ఈసారి తెచ్చుకున్నవాడి పక్కన ఇంకొకడు మిగలలేదు.

168లో పిడ్నా దగ్గర మాసిడోనియా రాజ్యమే పోయింది. మరుసటి ఏడాది ఎపిరస్‌లో 70 ఊళ్ళను దోచి 1,50,000 మందిని బానిసలుగా పట్టుకుపోయారు. అకీయా నుంచి వెయ్యి మంది పెద్దలను ఇటలీకి తీసుకెళ్ళారు. వాళ్ళలో పొలిబియస్ ఒకడు. పదిహేడేళ్ళకు వదిలినప్పుడు మూడు వందల మంది కూడా మిగల్లేదు. యుద్ధంలో ఇద్దరి మధ్య రాజీ చేయబోయిన పాపానికి రోడ్స్ మీద రోమ్ కత్తి ఎత్తలేదు. డెలోస్ ద్వీపాన్ని సుంకం లేని రేవు చేసింది. రోడ్స్ రేవు ఆదాయం పది లక్షల డ్రాక్మాల నుంచి లక్షా యాభై వేలకు పడిపోయింది. ఇంతకుముందైతే రోడ్స్ ఇంకో రాజు దగ్గరకు వెళ్ళి ఉండేది. ఈసారి రాయబారులు వెళ్ళింది రోమ్ సెనేట్ గడప దగ్గరకే, ఏడుస్తూ. 146లో అకీయా సమాఖ్య తిరగబడింది. రోమన్ సేనాని ముమ్మియస్ కొరింథ్‌ను కాల్చేశాడు, మగవాళ్ళను చంపించాడు, ఆడవాళ్ళనూ పిల్లలనూ అమ్మించాడు. యాభై ఏళ్ళ కిందట స్వేచ్ఛ చాటించింది ఆ ఊరి పక్కనే.

ఎర్రగుడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా బావ అడిగాడు, అశోకుడి దూతలు నిజంగా అంత దూరం పోయి ఉంటారంటావా అని. పోయారనే అనుకుందాం అన్నాను. అంతియోక కొలువుకు చేరి, లోపలికి పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఆ పక్కనే ఇంకా చాలామంది కూర్చుని ఉంటారు. ఒకడు మిలేటస్ నుంచి, ఒకడు స్మిర్నా నుంచి, ఒకడు పేరు తెలియని ఏ కొండ ఊరి నుంచో. ప్రతివాడి ఒళ్ళో చుట్టిన పత్రం. అందులో వాళ్ళ సభ నిన్న కాక మొన్న చేసిన తీర్మానం, దాని కింద ఈ రాజు తండ్రో తాతో ఒకప్పుడు ఇచ్చిన మాట నకలు. లోపలికి వెళ్ళాక ఏం చెప్పాలో పెదాలు కదుపుతూ మళ్ళీ మళ్ళీ వల్లె వేసుకుంటూ ఉంటారు.